జీడితోటలోంచి కేక

సర్పంచి గవర్రాజు కారొస్తోందంటే పాట ముందు పొలిమేర దాకా వచ్చేది. ఆ స్పీకర్లు కాలిపోయాయి. డ్రైవర్ నూకరాజు చేతిలో కాసిని డబ్బులు పెట్టి, "ఇందులోనే ఊరదిరిపోయే సెట్టు తేవాలి" అని పట్నం పంపాడు.

నూకరాజు చిన్న ఆంప్లిఫయరు, దానికి తగ్గ రెండు స్పీకర్లు బిగించుకొచ్చాడు. పాట కారు దాటలేదు. సర్పంచి జీడితోట పక్కన కారాపించి మండిపడ్డాడు.

"బాబూ, మీరు అద్దాలెత్తి పాట పూర్తిగా పెంచండి. నేను ఈ జీడితోటలోంచి కేకేస్తాను. వినబడితే తిరిగిచ్చేస్తాను" అన్నాడు నూకరాజు.

పాట మోగుతుండగానే కేక వినిపించింది: "కారాపండి బాబో!"

సర్పంచి తలుపు తోసుకుని దిగాడు. "శుభ్రంగా వినబడిందిరా! ఇదేం సెట్టు? ఇచ్చెయ్!"

"ఇచ్చేస్తాను బాబూ. కిందటేడు పాము కరిచి చనిపోయేముందు నా పెళ్లాం పైడమ్మ ఈ తోటలోంచి ఇదే కేకేసిందట. కూలోళ్లంతా విన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఊళ్లో ఉన్నది ఈ కారొక్కటే. అప్పుడు ఇటే పోతున్నా, అందులో ఉన్న మనిద్దరికే వినబడలేదు."

సర్పంచి తోటవైపు తిరిగాడు.

"నడుపుతున్నది నేనే బాబూ. ఇప్పుడు చెప్పండి, పెద్దది తెమ్మంటారా?"

సర్పంచి వెళ్లి కార్లో కూర్చున్నాడు. తోట దాటేదాకా ఇద్దరూ పాట పెట్టలేదు.