తురాయి పువ్వులో తెల్ల రేక

ఒకప్పుడు తురాయి పూలు తెల్లగా ఉండేవి. అయిదు రేకలూ తెలుపే.

పట్నంలో తెలుపు నిలిచేదేనా? బండ్ల దుమ్ము, పొయ్యిల పొగ. పొద్దున విచ్చిన పువ్వు మధ్యాహ్నానికల్లా మసిగుడ్డ అయ్యేది.

పట్నంలో అందమైన పూల చెట్లన్నీ కోట గోడ లోపలే ఉండేవి. వసంతం వస్తే రేల చెట్టు పసుపు గుత్తులు వేలాడదీసేది. పొగడ చెట్టు నేలంతా పూలు రాల్చేది. గోడ బయటి జనానికి అందేది కోయిల కూత ఒక్కటే. ఆ గోడ కట్టినవాళ్లు బయట. తోటకు నీళ్లు మోసినవాళ్లు బయట. పూలు మాత్రం లోపల!

బయట అద్దకంవాళ్ల వీధిలో ఒకే ఒక్క చెట్టు ఉండేది. అదే తురాయి. దాని కింద కాశవ్వ రంగు తొట్టి పెట్టుకుంది. చిరివేరు ఉడకబెట్టి, నూలుకి ఎర్ర రంగు వేయడం ఆమె పని. తొట్టి పక్కనే, కొమ్మకు కట్టిన ఉయ్యాల్లో ఆమె పసిబిడ్డ. మిగతా కొమ్మల కింద, తాళ్ల మీద వీధివాళ్లందరి తడి నూలు. రంగు వేసిన నూలు నీడలోనే ఆరాలి. ఎండ తగిలిందా, ఎరుపు వెలిసిపోయి ఇటుకపొడి రంగుకొస్తుంది. ఇక దాన్ని ఎవరూ కొనరు.

ఆ చెట్టు మీద ఒక చిలక ఉండేది. ఊళ్లన్నీ తిరిగి, ఎక్కడ ఏ నినాదం చెవిన పడినా నేర్చుకొచ్చి అరిచేది.

"నడిచేవాడిదే నీడ! వసంతం అందరిదీ!"

"మెల్లగ అరువవే, పిల్ల లేస్తది" అనేది కాశవ్వ.

ఆ ఏడు ఉగాది దగ్గర పడుతుండగా కొత్వాలు గుర్రమెక్కి వీధిలోకి వచ్చాడు. కొత్వాలంటే పట్నానికంతటికీ పెద్ద అధికారి. తల పైకెత్తి తురాయిని చూసి మూతి ముడిచాడు.

"ఏందిది? చెట్టుకు మాసిన బట్టలు ఆరేసినట్టున్నది. పండుగనాడు దొరవారి పల్లకి ఈ తొవ్వనే వస్తది. రేపు పొద్దున్నే కొట్టేయాలె."

కాశవ్వ గుర్రానికి ఎదురొచ్చింది. "అయ్యా, కొట్టేస్తే మా నూలు ఏడ ఆరేసుకోవాలె? నా బిడ్డ ఎండల పండాల్నా?"

"రంగు లేని చెట్టుకు నా పట్నంల జాగ లేదు" అని గుర్రం తిప్పాడు కొత్వాలు.

చిలక అతని తలపాగా మీద రెట్టవేసి, "అధికార మదం నశించాలి!" అని అరిచింది. కొత్వాలు చూసుకోలేదు. అట్లాగే వీధంతా తిరిగి వెళ్లాడు.

కాశవ్వ తొట్టి పక్కన కూలబడింది.

"ఏడుస్తున్నవా అక్కా?" అంది తురాయి.

"ఏడ్వకేం చెయ్యాలె? రేపటికి నువ్వుండవు."

"రంగు లేదనే కదా ఆయన బాధ. నీ తొట్టి నిండ రంగే ఉన్నది. నాకింత పెట్టరాదు?"

"గింత చెట్టును ఎట్ల ముంచుత? తొట్టి చాలదు, నా బతుకు చాలదు."

"ఒక్క పువ్వు ముంచి చూపెట్టు. తక్కినవి నేను నేర్చుకుంట" అని తురాయి ఒక కొమ్మను తొట్టి దాకా వంచింది.

కాశవ్వ కళ్లు తుడుచుకుంది. అద్దకంవాళ్లకు ఒక పద్ధతి ఉంది. నూలు చిలపను, అంటే చుట్టిన నూలు కట్టను, ఒక కొస గట్టిగా పట్టుకుని ముంచుతారు. వదిలేస్తే తొట్టిలో చిక్కుపడుతుంది. తర్వాత చిలపను తిప్పి పట్టుకుని, మిగిలిన ఆ కొసను ముంచుతారు. కాశవ్వ చేతికి అదే అలవాటు. పువ్వును ఒక రేక పట్టుకుని ముంచింది. నాలుగు రేకలూ నిప్పుల్లా ఎర్రబడ్డాయి. ఇక తిప్పి అయిదోది ముంచాలి.

ఇంతలో ఉయ్యాల్లో బిడ్డ కెవ్వుమంది. కాశవ్వ పువ్వును వదిలేసి పరుగెత్తింది. ఆ తొందరలో ఆమె తడి వేళ్లు తెల్ల రేకకు రాసుకుని ఎర్రటి చుక్కలు, చారలు పడ్డాయి.

బిడ్డను ఎత్తుకుని ఇటు తిరిగేసరికి ఏముంది! ఒక కొమ్మ ఎర్రబడింది. దాని పక్క కొమ్మ ఎర్రబడింది. చూస్తుండగానే చెట్టు చెట్టంతా సూర్యోదయంలా వెలిగిపోయింది. ఆ ఎరుపు గోడల మీద పడింది, బిడ్డ బుగ్గల మీద పడింది.

కానీ ప్రతి పువ్వులోనూ ఒక రేక తెల్లగానే ఉంది. దాని మీద అవే చుక్కలు, అవే చారలు.

"అయ్యో, ఆగు! ఇంకా అయిపోలే!" అంది కాశవ్వ.

"నువ్వు చేసినట్టే చేసిన కదక్కా!" అంది తురాయి.

సగం వేసిన రంగు చూపించడం అద్దకంవాళ్లకు ఎంత సిగ్గో! కాశవ్వ తల పట్టుకుంది.

తెల్లారేసరికి పట్నమంతా అక్కడే ఉంది. జీవితంలో పూల తోట చూడనివాళ్లు నోరు తెరుచుకుని నిలబడ్డారు. గొడ్డళ్లు తెచ్చినవాళ్లు కాసేపు పైకి చూసి, గొడ్డళ్లు కింద పెట్టి, ఆ నీడలోనే చతికిలబడ్డారు.

కొత్వాలు వచ్చాడు. ఆయన కూడా నోరు తెరిచాడు. తర్వాత అన్నాడు:

"ఇంత చక్కటి చెట్టు ఈ గల్లీల ఉండుడేంది? వేర్లతోని తవ్వి తీసి కోటల నాటండి!"

కాశవ్వకు ఒళ్లు మండింది. నిన్న బాగాలేదని కొట్టేస్తామన్నారు. ఇవాళ బాగుందని ఎత్తుకుపోతామంటున్నారు. ఎటు తిరిగినా నీడ పోయేది వీధికే!

కొత్వాలు మురిపెంగా ఒక పువ్వు తెంపాడు. అంతలోనే మొహం మాడ్చుకున్నాడు.

"ఈ రేక తెల్లగ ఎందుకున్నది? ఈ మరకలేంది?"

"నా వేలిముద్రలయ్యా. రంగు వేసింది నేనే. ఒక రేక మిగిలిపోయింది."

"లోపమున్న వస్తువు కోటలకు పోదు. ఇప్పుడే ముంచు దాన్ని!"

కాశవ్వ తొట్టి వైపు చూసింది. రాత్రంతా తనను సిగ్గుతో చంపిన తప్పు. దిద్దడం ఒక్క క్షణం పని. ఒక్క పువ్వులో దిద్దితే తక్కినవి చెట్టే నేర్చుకుంటుంది. దిద్దితే పువ్వుకు లోపం ఉండదు, చెట్టు వీధిలో ఉండదు. నీడలో కూచున్న మనుషులను చూసింది. చంకలో బిడ్డను చూసింది.

బిడ్డను పక్కావిడ చేతికిచ్చి, రెండు చేతులా తొట్టిని వంచేసింది. చిరివేరు రంగంతా వీధి వెంట పారి, చెట్టు మొదట్లో ఇంకిపోయింది.

"ముంచ. అది మా చేతి గుర్తు."

"ఇంకెవరన్న ముంచండి!" అని కొత్వాలు గర్జించాడు. వీధిలో అద్దకంవాళ్లంతా చేతులు వెనక్కి పెట్టుకున్నారు. చిలకకు ఆ క్షణాన ఏ నినాదమూ గుర్తు రాలేదు. అప్పుడు జనమే అరిచారు.

"నడిచేవాడిదే నీడ!"

కొత్వాలు పువ్వును నేలకేసి కొట్టాడు. "వీధివాళ్ల వేలిముద్రలున్న పువ్వు చూపిస్తే దొరవారు నా కొలువు తీస్తరు. ఉంచుకోండి మీ చెట్టును మీరే!" అని గుర్రమెక్కాడు.

కాశవ్వ వంగి ఆ పువ్వును తీసి, దుమ్ము ఊది, ఉయ్యాల తాడుకు గుచ్చింది.

అప్పటినుంచే తురాయి పువ్వుకు నాలుగు రేకలు ఎర్రగా ఉంటాయి, అయిదోది ఎర్ర చుక్కలతో తెల్లగా ఉంటుంది. అప్పటినుంచే అది రోడ్ల పక్కన, బస్టాపుల దగ్గర, బడుల ముందర, ఎవరు నడిస్తే వాళ్ల కోసం పూస్తుంది. ఒక పువ్వు రాలితే ఏరి చూడండి. కాశవ్వ ఎక్కడ పట్టుకుందో తెలుస్తుంది.