పోలయ్య చాటిన వరద

చిన్న కథ, పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోతుంది. పాలంటే గుర్తొచ్చింది, మా సూరమ్మ పాలలో నీళ్లు కలపదు, నీళ్లలో పాలు కలుపుతుంది. సరే, ఇదీ నీళ్ల కథే.

పూర్వం ఒక ఆస్థాన పండితుడు, పేరు సోమయాజి, ముప్పై ఏళ్లు ఏటినీ మబ్బుల్నీ లెక్కగట్టి, ఎల్లుండి వరద ఊరిని ముంచుతుందని కనిపెట్టాడు. దాన్ని నలభై శ్లోకాలుగా రాసి, దండోరా వేసే పోలయ్య చేత కంఠతా పట్టించాడు.

"వరదొస్తోంది, కొండెక్కండి అంటే చాలదా, బాబయ్యా?"

"శాస్త్రంరా అది! ఒక్క మాట మార్చినా, కలిపినా నాలుక కోయిస్తాను."

పోలయ్య పొల్లుపోకుండా చాటాడు. జనం భక్తిగా విని, ప్రసాదం కోసం చేతులు చాపారు.

పోలయ్య ఒక్క మాటా కలపలేదు. ముసలి తల్లిని వీపున ఎక్కించుకుని, కోళ్లగంప నెత్తిన పెట్టుకుని, మేకల్ని తోలుకుంటూ, అవే శ్లోకాలు చదువుతూ నడివీధిలోంచి కొండెక్కాడు. అది చూసి ఊరు ఊరంతా పిల్లాజెల్లాతో వెనకే పరిగెత్తింది!

వరద చెప్పిన రోజుకే వచ్చింది. ఊళ్లో సోమయాజి ఒక్కడే మిగిలాడు, నలభై ఒకటో శ్లోకానికి గణం కుదరక.

"మునిగిపోతున్నా, తెప్ప తీసుకురండ్రా!" అని మిద్దె మీంచి అరిచాడు.

పోలయ్య తెప్ప తీసుకెళ్లాడు. పండితుడు చెప్పింది ఊరందరికీ అర్థం కావడం అదే మొదటిసారి.