వెదురు చెట్టా, గడ్డి మొక్కా?

వెదురు చెట్టని బడిలో రాకుమారి అంటే, "కాదు, అది గడ్డి" అంది బుట్టలల్లే సిద్ధమ్మ కూతురు. రాకుమారి ఏడ్చింది. రాజు మండిపడి ఆ పిల్లను బడి మాన్పించాడు. "ఇకపై రాకుమారి మాటను ఎవరూ కాదనకూడదు!" అని చాటింపు వేయించాడు.

సిద్ధమ్మ సభకొచ్చింది. "ఆ ఆజ్ఞ తమకు కూడానా, మహారాజా?"

"అందరికీ!" అన్నాడు రాజు దర్పంగా.

సిద్ధమ్మ రాజు పక్కనే కూర్చున్న రాకుమారి వైపు తిరిగింది. "మా పిల్ల బడికి రాకూడదంటావా, తల్లీ?"

"రావాలి! ఇప్పుడక్కడ నేనేమన్నా తలూపే వాళ్లే మిగిలారు. నా తప్పు నాకెవరు చెబుతారు?"

కాదనబోయిన రాజుకు తన ఆజ్ఞే అడ్డొచ్చింది. కూతుర్ని దగ్గరికి తీసుకుని, "మళ్లీ ఏడుస్తావేమోనమ్మా" అన్నాడు.

"ఏడుస్తాను నాన్నగారూ. కళ్లు తుడుచుకుని మళ్లీ వాదిస్తాను."