రెండుసార్లు వచ్చిన పదకొండో తారీఖు

భ్రమరాంబ ఆరేళ్ళుగా గురువుగారికి ఒకే మాట చెప్పుకుంటోంది. "ఆ ఒక్క రోజు మళ్ళీ వస్తే చాలు గురువుగారూ. అరనిమిషం సరిదిద్దుకుంటాను."

ఆ రోజు మార్చి పదకొండు. పొద్దున ఏడూ నలభైకి కొడుకు హేమంత్ బండి తీశాడు. ఇరవై రెండేళ్ళవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. గేటు దాటబోతుంటే ఆమె వంటింట్లోంచి కేకేసి ఆపింది. క్యారేజీ మర్చిపోయాడు. పరుగున వెళ్ళి చేతికిచ్చింది. అంతా కలిపి అరనిమిషం. రెండు వీధుల అవతల మలుపులోకి లారీ వచ్చిన సమయానికి వాడూ సరిగ్గా అక్కడికే వచ్చాడు.

తను పిలవకపోయి ఉంటే వాడు ముందే దాటిపోయేవాడు. ఇదీ ఆమె లెక్క. నీ తప్పు కాదని భర్త చెప్పాడు, అక్క చెప్పింది, డాక్టరు కూడా చెప్పాడు. ఎవరు చెప్పినా ఆ లెక్క మారలేదు. గురువుగారొక్కరే ఏమీ చెప్పలేదు.

గురువుగారి పేరు పరంజ్యోతయ్య. మంగళగిరిలో మగ్గం నేసి బతికినవారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఉపన్యాసం చెప్పడం ఆయనకు రాదు. వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెడతారు, అంతే. అలాంటి పెద్దాయన్ని ఓడెక్కించిన ఘనత ట్రావెల్స్ నడిపే ఒక శిష్యుడిది. మౌనసాధనకు సముద్రాన్ని మించిన చోటు లేదని భ్రమరాంబతో సహా ముప్ఫైమందికి నచ్చజెప్పి, ఆక్లండ్ నుంచి తహితీ వెళ్ళే ఓడలో గదులు తీసుకున్నాడు. దారిలో ఐదు రోజులు నీళ్ళు తప్ప ఇంకేమీ కనపడవన్నాడు.

తీరా ఎక్కి చూస్తే ఆ ఓడలో మౌనం తప్ప అన్నీ ఉన్నాయి. రోజుకు ఆరు పూటల తిండి, మూడు ఈతకొలనులు, పొద్దున్నే డాన్సు క్లాసు, మధ్యాహ్నం తంబోలా. మొదటి సాయంత్రానికే సాధకులంతా ఐస్‌క్రీమ్ వరసలో నిలబడ్డారు. గురువుగారూ ఒకటి తిన్నారు.

రెండో రోజు మార్చి పదకొండు. ఇంట్లోవాళ్ళు తిథి చూసి చెయ్యవలసినవి చేస్తారు. భ్రమరాంబకు మాత్రం ఆ తారీఖే. ఆ రోజు తినదు, మాట్లాడదు, గడియారం వదలదు. ఏడూ నలభై, ఫోను వచ్చిన ఎనిమిదీ పది, ఆసుపత్రి వాళ్ళు బయటికొచ్చి తల దించుకున్న పదింపావు. ఒక్కొక్కటే దాటుకుంటూ పోతుంది. కిటికీ లేని గదిలో తలుపేసుకుని ఈసారీ అలాగే దాటింది. మధ్యమధ్య గోడలోని మైకు తంబోలా గెలిచినవాళ్ళ పేర్లు చదివింది. రోజు గడిచాక, గట్టెక్కాననుకుని పడుకుంది. ఇంకో ఏడాదిదాకా ఆ తారీఖు మొహం చూడక్కర్లేదు.

తెల్లవారి లేచేసరికి తలుపు కింద ఆ రోజు కార్యక్రమాల కాగితం ఉంది. రోజూ తోసి వెళ్ళే కాగితమే. పైన మార్చి పదకొండు అని ఉంది.

నిన్నటిది పొరపాటున వేశారనుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళింది. అక్కడి అమ్మాయి ఓపిగ్గా వివరించింది. తారీఖు మారే గీత ఒకటి సముద్రం మధ్యలో ఉందట. తూర్పుకు వెళ్తూ దాన్ని దాటితే నిన్నటి తారీఖే మళ్ళీ వస్తుందట. పక్కన ఒక ముసలాయన తన పుట్టినరోజు రెండుసార్లు వచ్చిందని రెండో కేకు అడుగుతున్నాడు.

"మీకు ఒక రోజు ఉచితం మేడమ్" అని ఆ అమ్మాయి నవ్వింది.

భ్రమరాంబ కాగితం తీసుకుని వెనుదిరిగింది. గోడ పట్టుకుంటూ పై అంతస్తుకు చేరింది. గురువుగారు ధ్యానం క్లాసుకు బయల్దేరుతున్నారు. ఆయన చేతిలో కాగితం పెట్టి, ఇంకోసారి తనవల్ల కాదంది. అందరికీ పదకొండైనా తనకు ఇది పన్నెండే అనుకుంటానని, అలా అనుకోవడానికి అనుమతి ఇమ్మని బతిమాలింది.

ఆయన కాగితం చూశారు. టైమెంతని అడిగారు. ఏడూ ఇరవై. క్లాసుకు వచ్చినవాళ్ళతో, "ఇవాళ మాకు పని ఉంది" అని చెప్పి పంపేశారు. ఓడ వెనకవైపు, ఎవరూ రాని చోట, రెండు కుర్చీలు వేయించారు.

"నువ్వడిగిన రోజే కదమ్మా" అన్నారు. "వచ్చింది. కూర్చో."

చెంపమీద కొట్టినట్టయింది ఆమెకు. కన్నతండ్రికన్నా ఎక్కువగా నమ్మిన మనిషి. ఆ క్షణంలో ఆయన్ని అసహ్యించుకుంది. అయినా కూర్చుంది. లేచిపోయే ఓపిక కూడా లేదు.

ఏడూ నలభై అయింది. పెదాలు బిగబట్టుకుంది. కళ్ళు సెకన్ల ముల్లు మీదే ఉన్నాయి. పది, ఇరవై, ముప్ఫై. అరనిమిషం దాటింది. ఎదురుగా నీళ్ళు, నీళ్ళమీద ఓడ వదిలిన నురగ.

"పిలవలేదుగా?" అన్నారు గురువుగారు.

లేదని తలూపింది.

"వచ్చాడా?"

ఆమె ఘొల్లుమంది. మీకు మనసు లేదంది, పిల్లలు లేనివాళ్ళకు ఏం తెలుస్తుందంది, ఇంకా అనరాని మాటలు చాలా అంది. ఆయన విన్నారు. పక్కనుంచి లేవలేదు.

మధ్యాహ్నం భోజనాల గంట మోగింది. ఆయనకు షుగరు, మాత్రలు వేసుకోవాలి. ఆ సంగతి ఆమెకే ముందు గుర్తొచ్చింది. వెళ్ళి తినమంది. ఆయన మాత్ర మింగడానికి ఒక అరటిపండు తిని మళ్ళీ కూర్చున్నారు.

చేతిలో రోజంతా ఉంది. అరనిమిషంతో పని కాలేదు కాబట్టి దిద్దడానికి వేరే చోటు వెతకసాగింది. ఆ పూట దొండకాయ వేపుడు మాడకపోతే క్యారేజీ ముందే కట్టేది. వాడు రాత్రి క్రికెట్ చూడకుండా పడుకుంటే పెందలాడే లేచేవాడు. బండి కొనమన్నది మేనమామ. ఉద్యోగం చూపించింది ఎదురింటాయన. ఆ వీధిలో ఇల్లు తీసుకుందామని పట్టుబట్టింది తనే, బావి నీళ్ళు తియ్యగా ఉన్నాయని. ఒకదాన్ని దిద్దితే దాని వెనక ఇంకొకటి. సాయంత్రానికి తప్పు చేసినవాళ్ళు ఓడలోని జనంకన్నా ఎక్కువయ్యారు. వాళ్ళలో ఏ ఒక్కరూ ఆ పొద్దున లారీ గురించి తలచినవాళ్ళు కాదు.

పొద్దు వాలింది. నీళ్ళు నల్లబడుతున్నాయి. ఓడలో ఎక్కడో రెండో కేకు కోస్తున్నట్టున్నారు, చప్పట్లు వినపడ్డాయి. ఆమె ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. లోపల మాత్రం ఏమీ తగ్గలేదు. కొడుకు లేడు. పొద్దున ఎంత లేడో ఇప్పుడూ అంతే లేడు.

"రోజంతా నా చేతిలోనే ఉంది గురువుగారూ" అంది చివరికి. "ఏం చెయ్యాలో తెలీలేదు."

గురువుగారు లేవబోయారు. పొద్దుటినుంచీ కూర్చుని మోకాళ్ళు పట్టేశాయి. ఆమె చెయ్యి అందిస్తే పట్టుకుని మెల్లిగా నిలబడ్డారు. ఆ చెయ్యి వదలకుండానే అన్నారు:

"ఆ రోజు మాత్రం నీకేం తెలుసమ్మా?"