తాళ్లమొగ దాహమఠం

గోదావరి సముద్రంలో కలిసే చోట, ఉప్పుమడుల నడుమ, తాళ్లమొగ గ్రామంలో దాహమఠం ఉన్నది. పైకప్పు లేదు. గోడలు నడుమెత్తు వరకు ఉప్పు తిని పెళుసుబారాయి, చేత్తో రాస్తే పొడి రాలుతుంది. విగ్రహమేదీ లేదు, తూర్పు మూలన ఒక సమాధి మాత్రమే కలదు. రేవు దాటి వచ్చే యాత్రికులు ముందుగా అడిగేది ఈ పేరు గురించే.

పూర్వం ఇక్కడ, ఫ్రెంచివారి ఏలుబడిలో, ఆరుగురు క్రైస్తవ సన్యాసులు మఠం కట్టుకొని ప్రార్థనలోను, రోగుల సేవలోను కాలం గడిపేవారు. వారిలో పెద్దవారు బెనువా స్వామి. ఉప్పు మోసే కూలి సవరమ్మకు జ్ఞానస్నానం ఇచ్చినది ఆయనే. మశూచి సోకిన ఆమె భర్త పక్కన కూర్చుని కడదాకా చూసుకొన్నదీ ఆయనే.

అంతలో ఫ్రెంచి దేశంలో రాజును దించి విప్లవం లేచింది. ఒక వేసవిలో కొత్త అధికారి ఓడ దిగి, మఠాలు రద్దయినవని చాటించాడు. సన్యాసులు వ్రతం విడిచి కొత్త ప్రభుత్వానికి ప్రమాణం చేయాలి, లేదా ఓడ ఎక్కాలి.

"ఇక గొప్పా తక్కువా లేదు, అందరూ సమానమేనని దొరగారి సెలవు" అని దుబాసి రంగప్ప తెలుగులో చెప్పాడు.

ఐదుగురు ఓడ ఎక్కారు. బెనువా స్వామి ప్రమాణమూ చేయలేదు, కదలనూ లేదు. అధికారి ఆయనను మఠంలోనే బంధించి, ప్రమాణం చేసేవరకు నీళ్లు ఇవ్వరాదన్నాడు. ఆ మఠాన్నే ఉప్పు నిలవచేసే కొటారుగా మార్చాడు.

మరునాడు సవరమ్మ లోపల ఉప్పుగంప దించుతుండగా మూల నుంచి పిలుపు వినిపించింది.

"సవరమ్మా, కాసిని నీళ్లు పోయవే తల్లీ."

ఆమె నీళ్లముంత గుమ్మం బయటే ఉంది. గుమ్మంలో కొరడా పట్టుకొని సిపాయి ఉన్నాడు. ఆమె వినపడనట్టు తల వంచుకొని వెళ్లిపోయింది. ఆ రోజు పదకొండు గంపలు మోసింది. ఒక్కసారీ ఆ మూలవైపు చూడలేదు.

మూడవనాడు ఆమె తన చుట్టకుదురు గుడ్డను నీళ్లలో నానబెట్టి నెత్తిన పెట్టుకొని, దానిమీద గంప ఎత్తుకొని లోపలికి నడిచింది. ఉప్పుగుట్ట చాటున మోకరించి ఆ గుడ్డను స్వామి నోట్లో పిండింది. నాలుక వాచిపోవడంతో నీళ్లు పెదవుల పక్కనుంచి కారిపోయాయి. ఆయన ఆమెను గుర్తుపట్టారు.

"ఎండ మండిపోతోంది. నువ్వు తాగావా అమ్మా?"

అవే ఆయన కడపటి మాటలు.

సవరమ్మ బయటికి వచ్చి అధికారి ఎదుట నిలిచి, రంగప్పతో అన్నది: "అందరూ సమానమన్నారు గదా బాబూ. ఆ ముసలాయనకు గుక్కెడు నీళ్లు ఎందుకు లేకపోయాయో దొరను అడుగు."

రంగప్ప నోట ఆ మాట ఫ్రెంచిలోకి వెళ్లనేలేదు. అయినా ఆమె ముఖం చూసి అధికారి ఇరవై కొరడా దెబ్బలు వేయించాడు. దెబ్బలు తింటూ ఆమె ఎవరినీ తిట్టలేదట. "నిన్న నేనూ ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు" అని మాత్రం అరిచిందట.

కొన్నేళ్లకు ఫ్రెంచివారు పోయి జెండా మారి, కొటారు ఖాళీ చేసినప్పుడు, పూడ్చకుండా ఉప్పు పోసి కప్పేసిన స్వామి దేహం అడుగున చెక్కుచెదరకుండా కనిపించింది. పెదవులు తెరిచే ఉన్నాయి. సవరమ్మే ఆయనను తూర్పు మూలన పూడ్చింది.

నేటికీ ఏటా స్వామి కన్నుమూసిన ఆ వేసవి రోజున భక్తులు కడవలతో వస్తారు. సమాధిపై నీళ్లు పోయరు. పక్కన నిలిచిన ముక్కూమొగం తెలియని మనిషి దోసిట్లో పోస్తారు. కులం అడగరాదు. పోస్తూ, తాము ఎవరి పిలుపు విననట్టు వెళ్లిపోయారో ఆ పేరు పైకి చెప్పాలి. ఇక్కడ రోగాలు పోతాయని, సంతానం కలుగుతుందని పెద్దలెవరూ చెప్పలేదు. పేరు చెప్పినవారికి ఆ మనిషి ఇంటికి వెళ్లే ధైర్యం వస్తుందన్నారు. కొందరు వెళ్లేసరికి ఆ మనిషి ఇంకా బతికే ఉంటాడు. ఈ స్థలం ఇచ్చే వరం అంతే.