వండిన చెయ్యే రుచి చూస్తే

మా రేవుకోట రాజు మార్తాండ భూపతిగారికి కొత్త ఆలోచన వచ్చిందంటే ఆ పూట భోజనం ఆలస్యమే. ఆ రోజూ అంతే. విస్తరి ముందు కూచుని, అన్నం కలపకుండా, కొలువు మొత్తాన్ని భోజనశాలకి పిలిపించారు.

"మా చారుమతి ఇంట్లోనే ఉండి ఆన్‌లైన్‌లో కంప్యూటర్ డిగ్రీ చదువుతుందట. గుర్తింపు ఉన్న కాలేజీ ఏదో తేల్చండి. రేపు భోజనం కాగానే దరఖాస్తు మీద రాజముద్ర వేసేస్తా."

నేనక్కడే ఉన్నా. నా ఉద్యోగమే అది. రాజుగారు తినేముందు ప్రతి గిన్నెలోంచి ఓ ముద్ద తినడం, బతికుంటే పక్కకి జరగడం. ఇదివరకు మా ఆయన చేసేవాడు. ఆయన పోయాక నాకిచ్చారు. విషంతో పోలేదులెండి, మెట్లు జారి పోయాడు. నా చదువా, రెండో తరగతి సగం. వంటా, రాదు. పోయినా ఏడ్చేవాళ్ళు లేరని నన్ను పెట్టుంటారు. ఈ ఉద్యోగానికి అంతకన్నా పెద్ద అర్హత ఏముంది?

ఆస్థాన విద్యాసలహాదారు భుజంగరాయుడు జరీ కండువా సర్దుకుంటూ లేచాడు. ఆయన పేరు వెనకున్న పట్టాలన్నీ చదివేలోపు చారు చల్లారిపోతుంది.

"ప్రభూ! విశ్వబ్రహ్మాండ ఆన్‌లైన్ విశ్వవిద్యాలయం! ఏడాదిలో డిగ్రీ చేతికొస్తుంది. పరీక్షల బెడద లేదు. ఇదిగో, సకలలోక గుర్తింపు మండలివారి ముద్ర!"

కాగితం మీద అప్పడమంత బంగారు ముద్ర ధగధగలాడింది.

చారుమతమ్మ నసిగింది. "నేను వేరేది చూశా నాన్నగారూ. నాలుగేళ్ళు. లెక్కలు, పరీక్షలు అన్నీ ఉంటాయి."

"దాని ముద్ర ఏపాటిదమ్మా?" అన్నాడు రాయుడు.

"కందిగింజంత."

"అప్పడం ఉండగా కందిగింజ దేనికి తల్లీ!"

రాజుగారు నవ్వారు. నాకేం అర్థం కాలేదు గానీ, రాజుగారు నవ్వారని నేనూ నవ్వా.

సాయంత్రం ఆ పిల్ల వంటశాలకొచ్చి నా పక్కన కూలబడింది.

"సూరమ్మా, చెరువు తూముల్ని కంప్యూటర్‌తో నడపాలని నా ఆశ. పనికిరాని పట్టా పట్టుకెళ్తే జలశాఖవాళ్ళు గడప కూడా ఎక్కనివ్వరు. నాన్నగారేమో రేపే ముద్ర వేసేస్తారు."

"కంప్యూటర్ల సంగతి నాకేం తెలుసమ్మా, నేను ముట్టుకుంటే మిక్సీయే ఆగిపోతుంది. ఒక్కటి చెప్పు. చదువు వండింది కాలేజీ. మరి రుచి చూసిందెవరు?"

"గుర్తింపు మండలి."

"ఆ రుచి చూసినవాళ్ళతో ఎవరైనా మాట్లాడారా?"

వెంటనే ఆ బంగారు ముద్ర కాగితం మీదున్న నంబరు చూసి మండలికి ఫోన్ చేసింది. నేనూ చెవి పెట్టా. అవతల ఒకాయన హాచ్చని రెండుసార్లు తుమ్మి, "గుర్తింపు మండలి" అన్నాడు. తర్వాత కాలేజీకి చేసింది. మళ్ళీ అవే రెండు తుమ్ములు, "విశ్వవిద్యాలయం" అని. ముప్పై ఏళ్ళు మొగుడి తుమ్ములు విన్నదాన్ని. ఒకడి తుమ్ము ఇంకొకడిదనుకోను.

"మరి నీ కందిగింజ సంగతేంటి?"

"అది ఇచ్చిన మండలి దేశం మొత్తానికీ ఒకటే. కాలేజీల చేతిలో ఉండదు. కాలేజీ మాట నమ్మకుండా, ఆ మండలి జాబితాలో నేనే వెతికా. పేరుంది. పద, నాన్నగారికి చెప్పేద్దాం!"

"ఎవరు చెప్తారు? రెండో తరగతి సగం చదివిన నేనా? రేపు భోజనం దాకా ఓపిక పట్టు."

మర్నాడు నేనే పప్పుచారు కాచా. గిన్నె మూత మీద అప్పడమంత బంగారు కాగితం అంటించి, దాని మీదో ముద్ర గుద్ది తీసుకెళ్ళా.

"ఇదేమిటి సూరమ్మా?" అన్నారు రాజుగారు.

"అఖిలాండ పప్పుచారు మండలివారి గుర్తింపు ముద్ర, ప్రభూ."

రాజుగారు ముచ్చటపడి విస్తట్లో పోయించుకున్నారు. కలుపుతూ అడిగారు. "వండిందెవరు?"

"నేనే."

"రుచి చూసింది?"

"నేనే."

ముద్ద గాల్లో ఆగిపోయింది. "మతి పోయిందా? వండిన చెయ్యి రుచి చూడకూడదని మా తాతగారి నాటి కట్టడి!"

"ముద్ర ఉంది కదా ప్రభూ."

"ఆ మండలిలో ఎవరెవరున్నారు?"

"నేనొక్కదాన్నే. ముద్ర బంగాళాదుంప కోసి వేశా."

"ఇంకా నయం, తిన్నాను కాదు!" అంటూ ముద్ద వదిలేశారు.

అప్పుడన్నా:

"ఒక్క పూట చారుకి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. బిడ్డ బతుక్కి సరిపడా చదువుకి మాత్రం ముద్ర పట్టుకుని ముందుకొస్తున్నారే, ప్రభూ!"

రాయుడు ఎగిరిపడ్డాడు. "ఎంగిలి ముద్దలు తినేదానివి, నీకేం తెలుసు?"

"ఏం తెలీదు బాబూ. మీరే కాలేజీకి ఫోన్ కలపండి, అందరికీ వినపడేట్టు."

కలిపాడు. హాచ్! హాచ్! "విశ్వబ్రహ్మాండ విశ్వవిద్యాలయం, చెప్పండి సార్!"

నేను కన్ను గీటా. చారుమతమ్మ తన ఫోన్‌లో మండలికి కలిపింది. రాయుడి ఫోన్‌లో అవతల ఇంకో ఫోన్ మోగడం అందరికీ వినపడింది.

"ఒక్క నిమిషం సార్, పక్క ఫోన్ మోగుతోంది."

తర్వాత రెండు ఫోన్లలోంచీ ఒకేసారి, బొంగురు గొంతుతో: హాచ్! హాచ్! "సకలలోక గుర్తింపు మండలి. ఎవరూ?"

భోజనశాల పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. రాజుగారు కళ్ళు తుడుచుకుని, నాలుగేళ్ళ చదువు దరఖాస్తు తెప్పించి అక్కడే రాజముద్ర గుద్దారు. చారుమతమ్మ ఆ కాగితం లాక్కుని గుండెకి హత్తుకుంది.

"రాయుడూ, ముద్ర పెద్దదైతే చాలన్నావుగా? రా, ఈ చారు నువ్వు తిను," అన్నారు రాజుగారు.

రాయుడు ఒక్క ముద్ద పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎలా ఉంది?"

"ప్రభూ... ఆ పప్పుచారు మండలిని తక్షణం రద్దు చెయ్యాలి."

మళ్ళీ నవ్వులు. ఈసారి అర్థమయ్యే నవ్వా. రాజుగారు చేతి కడియం తీసి నా చేతిలో పెడుతూ ఒక్క షరతు పెట్టారు, బతికున్నన్నాళ్ళూ మళ్ళీ వంట జోలికి పోకూడదని.