మూడో లైను పటం

త్రినాథరావు సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగి. దేన్నైనా కొలిచి కాగితం మీద పెడితే తప్ప అతనికి నమ్మకం కుదరదు. పెళ్లిచూపులకి కూడా జేబులో టేపు పెట్టుకెళ్లాడని స్నేహితులు ఇప్పటికీ ఏడిపిస్తుంటారు. అతను నవ్వి ఊరుకుంటాడు గానీ, లేదని మాత్రం అనడు.

ఎనిమిది నెలల కిందట అతని భార్య హైమ మెడలో గొలుసు తెంపుకుపోయారు. సొంత గేటు ముందే, మిట్టమధ్యాహ్నం, మోటారు సైకిలు మీద ఇద్దరు. పోయిన గొలుసు గురించి ఇంట్లో ఎవరూ బాధపడలేదు. మెడ మీద గాయం కూడా నెల తిరక్కుండా మానింది. కానీ ఆ రోజు నుంచి హైమ ఒంటరిగా గేటు దాటలేదు. కూరలకి వెళ్లాలన్నా, గుడికి వెళ్లాలన్నా త్రినాథ్ పక్కన ఉండాల్సిందే.

ఒకరోజు అన్నం వడ్డిస్తూ ఆమె అంది: "నన్ను ఇక్కణ్ణుంచి తీసుకుపొండి. పెద్ద ఇల్లక్కర్లేదు. నా అంతట నేను నాలుగడుగులు వెయ్యగలిగే వీధైతే చాలు."

అప్పటినుంచి అతను ఇల్లు వెతుకుతున్నాడు. చివరికి ఒకటి దొరికింది. ఊరి చివర, మూతబడ్డ జూట్‌మిల్లు వెనక, కార్మికుల కోసం ఎప్పుడో కట్టిన ఇళ్ల లైన్లలో మూడో లైను, చివరిల్లు. రెండు గదులు, పెరట్లో జామచెట్టు. చిక్కల్లా ఆ పేటతోనే. ఏడు లైన్లలో రెండు ఇప్పటికే అమ్ముడుపోయి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఎక్కడెక్కడి నుంచో పనివాళ్లు దిగారు. మలుపులో వైను షాపు వెలిసింది. ఆఫీసులో అడిగితే, అయిదేళ్లలో అద్దెలు పెరిగి అక్కడ అడుగు పెట్టలేమని సగం మంది, దొంగల భయానికి ఇప్పుడే అడుగు పెట్టకూడదని సగం మంది చెప్పారు. ఆదివారం లోపల మాట చెప్పమని ఇంటాయన గడువు పెట్టాడు.

త్రినాథ్‌కి ఒక గురువుగారున్నారు. బంగారయ్యగారని. విగ్రహాలూ పూజలూ లేని అచల మార్గంలో ఉపదేశం పొందిన మనిషి. కాషాయం కట్టలేదు, ఆశ్రమం పెట్టలేదు. నవారు మంచాలు అల్లి బతుకుతారు. శిష్యులెవరైనా ఏదైనా అడగాలంటే, మంచానికి అవతలి వైపు కూచుని నవారు లాగి పట్టుకుంటూ అడగాలి. సందేహం తీరినా తీరకపోయినా, వాళ్లు వెళ్లేసరికి సగం మంచమైనా పూర్తవుతుంది.

ఆ గురువారం త్రినాథ్ నవారు పట్టుకోలేదు. పొడుగాటి గొట్టంలోంచి ఒక పటం తీసి గురువుగారి ముందు పరిచాడు.

"ఆరు రోజులు వెళ్లానండీ. రోజూ సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా. లైనులో పదహారిళ్లు. తెరిచి ఉన్న తలుపులు ఆకుపచ్చ, మూసి ఉన్నవి ఎరుపు. మొదటి రోజు పదకొండు తెరిచి ఉన్నాయి. ఆరో రోజుకి రెండే. అరుగుల మీద ఆడవాళ్లు మొదటి రోజు పద్నాలుగుమంది. నిన్న ఒక్కరు. పిల్లలు మూడో రోజు నుంచి వీధిలోకి రావటం మానేశారు. పోలీసులు రెండుసార్లు వచ్చారు. వీధి కళ్లముందే పాడైపోతోందండీ. వద్దనే అనుకుంటున్నాను. కానీ హైమ రోజూ ఏమైందని అడుగుతోంది. కాదంటే ఆమెకి ఇంకే వీధి చూపించాలో తెలియటం లేదు."



బంగారయ్యగారు పటాన్ని దూరంగా పట్టుకుని చూశారు. "చక్కగా గీశావు నాయనా. దీపస్తంభం కూడా పెట్టావే."

"లైను మొత్తానికి దీపం ఉన్న స్తంభం అదొక్కటేనండీ. నేను దాని కిందే నిలబడేవాణ్ణి."

"మరి ఇందులో నువ్వు కనపడవేం?"

"నేనెందుకుంటానండీ? గీసింది నేను కదా."

గురువుగారు పటం చుట్టి ఇచ్చేశారు. "రేపు నేనూ వస్తాను," అని మళ్లీ నవారు అందుకున్నారు.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ వెళ్లారు. లైను మొదట్లోనే గురువుగారు ఆగిపోయారు. "రోజూ ఏం చేస్తావో అదే చెయ్యి," అన్నారు.

త్రినాథ్ వెళ్లి స్తంభం కింద నిలబడి పటం పెట్టిన అట్ట తీశాడు. వీధి ఖాళీగా ఉంది. నాలుగో గుమ్మం దగ్గర మాత్రం ఒక పెద్దావిడ చేటలో తోటకూర బాగుచేసుకుంటోంది. అతను పెన్సిలు ఎత్తగానే ఆవిడ చేటని కాస్త లోపలికి జరుపుకుంది. అది కూడా అతను రాసుకున్నాడు.

గురువుగారు తిన్నగా ఆవిడ దగ్గరికే వెళ్లి మంచినీళ్లు అడిగారు. ఆవిడ లోపలికెళ్లి గ్లాసుతో తెచ్చింది. ఆయన తాగి, చెల్లెలింటికి వచ్చినట్టు అరుగు మీద చతికిలబడ్డారు. ఏవో కబుర్లు మొదలయ్యాయి. అంత దూరం నుంచి త్రినాథ్‌కి ఏమీ వినపడలేదు. కాసేపటికి ఆవిడ గడ్డంతో స్తంభం వైపు చూపించింది. గురువుగారు పెద్దగా నవ్వారు. తర్వాత చెయ్యూపి అతన్ని పిలిచారు.

"అమ్మా, ఇతను నావాడే. ఇందాక నాతో అన్న మాటలు ఇతనితో కూడా అనండి."

ఆవిడ పేరు పైడమ్మ. ముప్పై ఏళ్లు మిల్లులో పనిచేసిన మనిషి. మిషన్ల చప్పుడులో అరిచి అరిచి గొంతు అలాగే స్థిరపడిపోయింది. ఆమె ఏమాత్రం తడబడలేదు.

"అంటాను, నాకేటి భయం. మీ వీధి ఎలాగుంటాది అని ఈ పెద్దాయన అడిగినారు. మొన్నమొన్నటి దాకా బాగానే ఉండీది బాబూ. సాయంత్రమయితే అందరం బయటే. వారం నుంచి నువ్వొచ్చి ఆ స్తంభం కింద నిల్చుంటన్నావు. మా గుమ్మాలు సూస్తావు, ఏటో రాసుకుంటావు. దొంగతనానికి ఇళ్లు సూసుకుంటన్నాడని సగం మంది అన్నారు. లైను పడగొట్టడానికి అపార్టుమెంట్లోళ్లు కొలతలకి పంపినారని సగం మంది అన్నారు."

"మీరేమనుకున్నారు?" అని అడిగారు గురువుగారు.

"దొంగయితే బాగుండుననుకున్నాను. దొంగ ఒక ఇంటికే వస్తాడు."

త్రినాథ్ పెన్సిలు దించి జేబులో పెట్టుకున్నాడు.

"అందుకే పిల్లల్ని లోనికి పిలిసేసినాం. తలుపులేసేసుకున్నాం. టీ కొట్టాయన పోలీసులకి ఫోను సేసినాడు. ఆళ్లు రెండుసార్లు వొచ్చి, దూరం నుంచి నిన్ను సూసి పోనారు. సదువుకున్నోడిలాగున్నావని ఏటీ అడగలేదంట."

త్రినాథ్ చేతిలో పటం వంక చూసుకున్నాడు. 'పోలీసులు, రెండుసార్లు' అని ఎర్రసిరాతో రాసింది తనే. రోజురోజుకీ ఎర్రబడిపోయిన ఆ తలుపులన్నీ తనే మూయించాడు. పటాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కేశాడు.

"క్షమించండమ్మా. ఆ చివరిల్లు అద్దెకి తీసుకుందామని వచ్చాను."

"అయితే అడగొచ్చు కదేటి? మేం మనుషులం కామా?" అంది పైడమ్మ. "ఎవరెవరుంటారు ఇంట్లో?"

అతను చెప్పాడు. ఒకటి చెబితే ఇంకోటి చెప్పాల్సి వచ్చింది. మోటారు సైకిలు గురించి, గేటు గురించి, ఎనిమిది నెలల గురించి, అంతా గుమ్మం ముందు నిలబడే చెప్పేశాడు. ఆఫీసులో కూడా ఎవరికీ ఇంత చెప్పలేదు. పైడమ్మ తోటకూర పక్కన పెట్టేసి వింది.

"దొంగలు లేరని నీకు సెప్పను," అంది. "నిరుడు రెండు గ్యాసు బండలు పోనాయి. వైను షాపు పక్క సందులోంచి సీకటి పడ్డాక మా ఆడోళ్లం ఎవరం రాం. రెండో లైను మీంచి సుట్టూ తిరిగి వస్తాం. మిల్లు గోడెంబడి దీపాల్లేవు, అటు ఎల్లొద్దు. కొత్తగా వొచ్చిన పనోళ్ల గురించి అందరూ ఏటేటో అంటారు. మొన్న మా పక్కింటామె కళ్లు తిరిగి పడిపోతే ఆటోలో ఏసుకుని ఆస్పత్రికెళ్లింది మాత్రం ఆళ్లే."

త్రినాథ్ చెయ్యి అలవాటుగా పెన్సిలు కోసం వెళ్లి మధ్యలోనే ఆగింది.

"ఆ పిల్లని తీసుకురా," అంది పైడమ్మ చేట అందుకుంటూ. "ఇక్కడ తిరగాల్సింది ఆ పిల్ల. నువ్వు సూస్తే సరిపోద్దేటి?"

ఆదివారం పొద్దున్న అతను హైమని తీసుకొచ్చాడు. గురువుగారు వాళ్లకి వెనగ్గా నడుస్తున్నారు. హైమ పమిట మెడచుట్టూ గట్టిగా లాగి పట్టుకుంది. ఆమె అంతేనిప్పుడు, ఎండాకాలమైనా సరే. మూడో లైనులోకి తిరుగుతుండగా వెనక నుంచి ఒక మోటారు సైకిలు వచ్చింది. త్రినాథ్ చటుక్కున ఆమె జబ్బ పట్టుకున్నాడు. ఆమె ఉలిక్కిపడింది. బండి మీద ఎవరో పెద్దమనిషి కూరల సంచితో వెళ్లిపోయాడు.

గురువుగారు అది చూశారు.

పైడమ్మ గోధుమల డబ్బాతో గుమ్మంలోనే ఎదురైంది. పలకరింపులయ్యాక హైమని ఎగాదిగా చూసింది. మెడ గురించి గానీ, గొలుసు గురించి గానీ ఒక్క మాట అడగలేదు.

"పిండిమరకి బయల్దేరినాను తల్లీ. నా నడుం మంచిది కాదు. ఈ డబ్బా ఒక పక్క పట్టుకుంటావేటి?"

హైమ అలవాటుగా భర్త వైపు చూసింది.

"ఇలా ఇవ్వండి, నేను తెస్తాను," అని త్రినాథ్ చెయ్యి చాపాడు.

"నాయనా," అన్నారు బంగారయ్యగారు. ఆయన అప్పటికే అరుగెక్కి కూచున్నారు. పక్కన అరచేత్తో తట్టి చూపించారు.

త్రినాథ్ వెళ్లి కూచున్నాడు. హైమ ఒక క్షణం నిలబడింది. తర్వాత వంగి, డబ్బాకి ఒక చెవి పట్టుకుంది. ఇద్దరాడవాళ్లూ దాన్ని మధ్యలో ఊపుకుంటూ నడిచారు. మలుపు దాకా వాళ్లు కనిపించారు. తర్వాత కనిపించలేదు.

త్రినాథ్ లేచాడు.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదండీ. ఊరికే, ఆ మలుపు దాకా."

"కూచో."

అతను కూచున్నాడు. కూచోవటం ఇంత కష్టమైన పనని అతనికి ఇంతకుముందు తెలియదు. ఎనిమిది నెలల్లో హైమ తను లేకుండా బయట అడుగు పెట్టటం ఇదే మొదలు. పిండిమర ఎంత దూరమో అడగలేదు. దారిలో ఏముందో చూడలేదు. ఎదురింట్లో ఎవరో రేడియో పెట్టారు. ఒక పాప గుమ్మంలోంచి తొంగిచూసి, ఇతన్ని గుర్తుపట్టి, మళ్లీ లోపలికి పారిపోయింది.

మలుపవతల నుంచి మోటారు సైకిలు చప్పుడు వినపడింది. త్రినాథ్ గురువుగారి వంక చూశాడు. ఈసారి ఆయన గోడకి జారబడి కళ్లు మూసుకున్నారు. త్రినాథ్ రెండు చేతులా అరుగు అంచు పట్టుకుని అలాగే కూచున్నాడు. చప్పుడు దగ్గరైంది, దాటిపోయింది.

చాలాసేపటికి ఆడవాళ్లిద్దరూ వచ్చారు. ఇప్పుడు డబ్బా హైమ ఒక్కతే చంకనెత్తుకుంది. పమిట భుజం మీదికి జారింది. జుట్టు నిండా పిండి. పైడమ్మ పెద్ద గొంతుతో ఏదో చెబుతోంటే, హైమ ఆమెని ఆపి మరీ మధ్యలో ఏదో అడుగుతోంది.

డబ్బా అరుగు మీద దించి, హైమ అతని ముందు నిలబడింది.

"మీరు మా వెనకాల వచ్చారా?"

"లేదు. ఇక్కడే కూచున్నాను."

"మలుపు దాకా కూడా?"

"మలుపు దాకా కూడా రాలేదు."

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మటానికి ఆమెకి కొంత సమయం పట్టింది. తర్వాత చేతులకంటిన పిండి దులుపుకుని, ఇంటాయన పైడమ్మ దగ్గర ఉంచిన చివరింటి తాళంచెవి తీసుకుంది.

"మీరు ఇక్కడే ఉండండి," అంది. "నేను వెళ్లి ఇల్లు చూసొస్తాను."

"సరే," అన్నాడు త్రినాథ్.

ఆమె బయల్దేరింది. బంగారయ్యగారు కళ్లు తెరవకుండానే కొంచెం పక్కకి జరిగి, అతను కూడా గోడకి ఆనుకోవటానికి చోటిచ్చారు.